రిబ్ అల్లిక: 100 సెంటీమీటర్లు 70 ఎందుకవుతాయి?

స్వెటర్ చేతి అంచును అడ్డంగా లాగండి. సందుల్లో దాక్కున్న వరుసలు బయటపడతాయి. వదిలితే మళ్లీ దాక్కుంటాయి. ఈ అంచు అల్లికే రిబ్. ఎలాస్టిక్ దారం లేకపోయినా అది చేతిని పట్టి ఉంచుతుందంటే, ఆ బలం లూపుల అమరికదే.

బనియన్‌కు వాడే సాదా జెర్సీలో లూపులన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. అందుకే కత్తిరించగానే అంచు చుట్టుకుపోతుంది. 1×1 రిబ్‌లో ఒక నిలువు వరుస ముందుకు, పక్కది వెనక్కి తిరుగుతాయి. రెండు వైపులా లాగుడు సమానం కాబట్టి అంచు చుట్టుకోదు. దీనికి యంత్రంలో రెండు వరుసల సూదులు కావాలి. ఇంగ్లండ్‌లో మేజోళ్ల మగ్గానికి రిబ్ అల్లే ఏర్పాటును జోడించి జెడిడయా స్ట్రట్ 1758-59లో పేటెంట్లు పొందారు.

ముందు లూపు నుంచి వెనక లూపుకు దాటేచోట దారం వంగుతుంది. తిరిగి నిటారు కావాలని అది చేసే ప్రయత్నంలో ముందు వరుసలు దగ్గరికి జరుగుతాయి, వెనకవి వాటి చాటుకు చేరతాయి. సిద్ధాంతం ప్రకారం అన్నే లూపులున్న సాదా జెర్సీతో పోలిస్తే రిబ్ వెడల్పు సగం. మందం, అడ్డంగా సాగి తిరిగొచ్చే గుణం రెట్టింపు. ఆచరణలో మాత్రం అల్లేటప్పుడు 100 సెంటీమీటర్లున్న వెడల్పు యంత్రం నుంచి దించాక సుమారు 70కి తగ్గుతుంది.

కొలత లూపుదే

అల్లిన గుడ్డ కొలతను నిర్ణయించేది ప్రధానంగా ఒక్కో లూపులోని దారం పొడవేనని 1959లో పరిశోధకుడు డి.ఎల్. మండెన్ చూపారు. సాదా ఉన్ని జెర్సీలో చదరపు సెంటీమీటరుకు ఎన్ని లూపులుంటాయో తెలియాలంటే ఒక స్థిరాంకాన్ని లూపు పొడవు వర్గంతో భాగించాలి. అల్లినప్పటి లాగుడు వదిలి పొడిగా సేదతీరిన గుడ్డకు ఆ స్థిరాంకం 19.0, నీళ్లలో నానబెట్టి ఆరబెట్టినదానికి 21.6. లూపు పొడవు 0.3 సెంటీమీటర్లయితే పొడిగా 211 లూపులు, నానాక 240. లూపులు అవే, దారమూ అదే. గుడ్డ వైశాల్యం మాత్రం 12 శాతం తగ్గింది. రిబ్‌కు స్థిరాంకాలు వేరు, లూపు పొడవు పెత్తనం మాత్రం అదే.

కాబట్టి గుడ్డ కత్తిరించేవారు దాన్ని పరిచి, సేదతీరనిచ్చి, ఆ తర్వాతే కొలవాలి. ఇంట్లో ఉన్ని స్వెటర్ ఉతికితే తీగ మీద వేలాడదీయకండి, నీటి బరువుకు సాగిపోతుంది. బల్ల మీద పరిచి, రిబ్ అంచుల్ని చేత్తో దగ్గరికి చేర్చి ఆరనివ్వండి.