వరుస పొడవు

అనకాపల్లి జిల్లాలో, తూర్పు కనుమల చేరువన, నర్సీపట్నమను పట్టణము కలదు. అచ్చటి పాఠశాలలో ఒక బాలిక ఏడు దినముల వర్షపాతమును వ్రాసికొని, దాని సగటు తీయుటకు కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయ దలచినదనుకొందము. ఆమె ఎన్నుకొన్నది సీ భాష. దీనిని 1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించెను.

ఈ భాషలో ఒకే జాతి విలువల వరుసకు అర్రే అని పేరు. ఏడు సంఖ్యలును మెమరీలో, వీధిలోని ఇండ్లవలె, ప్రక్కప్రక్కనే నిలుచును. సగటు తీయవలెనన్న మొత్తమును ఎంతచే భాగింపవలెనో తెలియవలెను గదా! సీ భాష అర్రేతోపాటు దాని పొడవును వ్రాసియుంచదు. దానిని మనమే కనుగొనవలెను.

అందులకు సైజాఫ్ అను సాధనము కలదు. అది ఒక వస్తువు ఆక్రమించు చోటును బైట్లలో తెలుపును. నేటి కంప్యూటర్లలో సాధారణముగా ఒక పూర్ణసంఖ్యకు 4 బైట్లు, ఏడింటికి 28. 28ని 4చే భాగింప 7 వచ్చును. అదియే పొడవు.

అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. సగటు తీయు పనిని వేరొక ఫంక్షనుకు అప్పగించినచో, దానికి అర్రే అంతయు చేరదు; మొదటి అంశముండు చిరునామా మాత్రమే చేరును. మొదటి ఇంటి నంబరు చెప్పినంతనే వీధిలో ఎన్ని ఇండ్లున్నవో తెలియునా? 64 బిట్ల కంప్యూటరులో చిరునామాకు సాధారణముగా 8 బైట్లు. అచ్చట సైజాఫ్‌ను ప్రయోగించి భాగించిన 7కు బదులు 2 వచ్చును. ఐదు దినముల వాన లెక్కకు రాదు! ప్రోగ్రాము మాత్రము ఆగక, తప్పు సగటునే చూపును. కావున అర్రేను ఏర్పరచిన చోటనే పొడవును లెక్కించి, చిరునామాతోపాటు పంపవలెను.

అక్షరముల వరుసకు పద్ధతి వేరు. దాని చివర సున్న విలువగల బైట్ ఒకటి హద్దురాయివలె ఉండును. "నర్సీపట్నం" అను పేరు మన కంటికి నాలుగక్షరములే. కంప్యూటరునకు హల్లులు ఆరు, పొల్లులు రెండు, గుడిదీర్ఘ మొకటి, నిండుసున్న ఒకటి. వెరసి పది సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు. కావున పేరునకు 30, హద్దురాయితో 31 బైట్ల చోటు కావలెను. నాలుగక్షరములే గదా యని నాలుగు బైట్లే కేటాయించినచో, మిగిలినవి ప్రక్క చోటును ఆక్రమించును.

ఇట్టి అతిక్రమణము చిన్న తప్పు కాదు. గెట్స్ అను ఫంక్షను, వచ్చు వాక్యము పొడవును చూడక, ఇచ్చిన చోటును మించియు నింపెడిది. 1988 నవంబరులో మారిస్ వర్మ్ అను ప్రోగ్రాము ఈ లోపమును కూడ ఆధారము చేసికొని వేలకొలది కంప్యూటర్లలో చొరబడెను. 2011 నాటి సీ ప్రమాణమునుండి గెట్స్‌ను తొలగించిరి.

వరుసను ఇతరులకు అప్పగించునపుడు దాని పొడవును గూడ అప్పగింపవలెను. లెక్క చిన్నదే గాని, దానిని మరచిన వచ్చు నష్టము చిన్నది కాదు.