అతియైన ఎ-విటమిను - ఎముకల ఆరోగ్యము

విటమిను అను మాట వినగానే మనలో పలువురికి కలుగు భావము ఒక్కటే: అది బలము నిచ్చునది, ఎంత తీసికొన్న అంత మంచిది. నాలుగు చుక్కల చేపనూనె బిడ్డకు మేలు చేసినచో, ఎనిమిది చుక్కలు రెండింతలు మేలు చేయునని తల్లి తలచును. ప్రేమవలన కలుగు పొరపాటే యిది. కాని ఎ-విటమిను విషయమున ఈ పొరపాటు ఎముకలకు చేటు తెచ్చును.

ఎ-విటమిను లేనిదే మనకు గడవదు. అది లోపించిన రేచీకటి కలుగును. లోపము ముదిరిన బిడ్డ చూపే పోవచ్చును. అయితే సి-విటమిను వంటివి నీటిలో కరగునవి. మిగిలినది చాలవరకు మూత్రముతో వెడలిపోవును. ఎ-విటమిను క్రొవ్వులో కరగునది. మిగిలినదానిని దేహము పారవేయక కాలేయమున దాచుకొనును.

ఈ నిల్వ యెంతటిదో తెలుపు పాత ఉదంతము ఒకటి కలదు. ఉత్తర ధ్రువ సముద్రమున మంచులో చిక్కుకొన్న డచ్చి నావికులు 1597లో తెల్ల ఎలుగుబంటి కాలేయమును వండుకొని తిని జబ్బుపడిరి. వారిలో ముగ్గురికి తల మొదలు కాలివరకు చర్మము ఊడిపోయినది. 1943లో రోడాల్, మూర్ అను శాస్త్రజ్ఞులు ఆ కాలేయమును పరీక్షించి, అందు ఎ-విటమిను అత్యధికముగా నున్నదని చూపిరి. దాని గ్రాములో నున్నది పెద్దవారి దినసరి పైహద్దును మించియున్నది.

ఇక ఎముకల మాట. ఎముక జీవము లేని రాయి కాదు. పాత యింటికి ఏటేట మరమ్మతు జరుగునట్లు, ఎముకకును నిత్యము మరమ్మతు జరుగుచునే యుండును. పాతదానిని కరగించు కణములు కొన్ని, క్రొత్తదానిని కట్టు కణములు కొన్ని. ఈ రెండు పనులు సరితూగినంతకాలము ఎముక గట్టిగా నుండును. ఎ-విటమిను మితిమీరినపుడు కరగించు కణములు విజృంభించును, కట్టు కణముల పని కుంటుపడును. అంతేకాక, సున్నమును దేహమునకు పట్టించు డి-విటమిను పనికి అది అడ్డుపడును.

పసిపిల్లలలో ఈ హాని వేరొక రూపమున కనబడును. 1950లో కేఫీ అను అమెరికా వైద్యుడు ఇట్టి శిశువులను గూర్చి వ్రాసెను. తల్లులు నెలల తరబడి ఎ-విటమిను మందును అధికముగా పోసియుండిరి. పిల్లలు చిరాకుపడుచుండిరి, కాలుసేతులు వాచి, తాకిన నేడ్చుచుండిరి. ఎక్స్‌రే తీయగా ఎముకల పైపొర మందమెక్కి కనబడెను. మందు ఆపగానే బాధ తగ్గుముఖము పట్టెను. ఐతే అతిమోతాదు దీర్ఘకాలము సాగినచో, ఎముక పెరుగు చోటు ముందుగానే మూసికొని, కాలు పొట్టిదగు ప్రమాదము కలదు.

వృద్ధులలో భయము తుంటి విరుగుట. 1998లో స్వీడన్ పరిశోధకులు, దినమునకు 1.5 మిల్లీగ్రాములకు మించి రెటినాల్ రూపమున ఎ-విటమిను తీసికొను స్త్రీలకు, అర మిల్లీగ్రాము లోపు తీసికొనువారికంటె తుంటి విరుగు ప్రమాదము రెండింతలని కనుగొనిరి. 2002లో అమెరికాలో 72 వేలమందికి పైగా స్త్రీలను గూర్చిన పరిశోధనయు ఇట్టి ఫలితమునే చూపెను. తరువాతి పరిశోధనలన్నియు దీనిని బలపరచలేదు. అయినను, ఎముకలు సన్నగిల్లు వయసున జాగ్రత్త వహించుట మేలు.

ఇది విని ఆకుకూరలు మానవలసిన పనిలేదు. తోటకూర, మునగాకు, కారెట్టు, మామిడిపండు, బొప్పాయిలలో నున్నది కెరోటిన్. దేహము తన అవసరమును బట్టియే దానిని ఎ-విటమినుగా మార్చుకొనును. కారెట్టు అతిగా తిన్నవారి చర్మము పసుపు వన్నె తేలవచ్చునే గాని ఎముకకు హాని లేదు. హాని చేయునది తయారైన ఎ-విటమిను: మందుబిళ్ళలు, చేపనూనె, తరచుగా తిను కార్జము.

ప్రభుత్వము పిల్లలకు పోయించు మోతాదును మాత్రము అనుమానింపరాదు. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమువారి కృషి ఆధారముగా 1970లో మొదలైన పథకమది. తొమ్మిదవ నెలలో లక్ష యూనిట్లు, పిమ్మట ఆరేసి నెలలకు రెండేసి లక్షలు, ఐదేండ్లు నిండువరకు. కాలేయము దానిని దాచి కొద్దికొద్దిగా వాడుకొనును. దానికి తోడు ఇంటిలో సీసా మందు పోయుచున్నచో ఆరోగ్య కార్యకర్తకు తెలుపవలెను.

2001లో అమెరికా నిపుణులు నిర్ణయించిన దినసరి పైహద్దు పెద్దవారికి 3,000 మైక్రోగ్రాములు, అనగా పదివేల యూనిట్లు. ఒకటి మొదలు మూడేండ్ల పిల్లలకు 600 మైక్రోగ్రాములు. గర్భిణులు మరింత జాగ్రత్తపడవలెను. అతిమోతాదు గర్భస్థ శిశువునకు అవకరము కలిగింపవచ్చును. కావున సీసాపై నున్న లెక్కను చదువుదము, రెండు మందులలో ఎ-విటమిను ఉన్నచో కూడి చూతము, సందేహమైనచో వైద్యుని అడుగుదము. బిడ్డకు బలము నిచ్చునది చెంచాల సంఖ్య కాదు, సరియైన కొలత.