వెన్ను మీదే మొలకెత్తే వడ్లు

2023 డిసెంబరు 3, 4 తేదీల్లో చెన్నైని ముంచెత్తిన మిచౌంగ్ తుపాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. చెన్నైలో ఆంధ్రా పొన్ని పేరుతో వండుకునే సాంబ మసూరి పుట్టిన ఊరు బాపట్లే. అక్కడి పొలాల్లో కోతకొచ్చిన వరి పడిపోయింది, కోసిన పనలు నీళ్లలో నానాయి, వడ్లు వెన్ను మీదే మొలకెత్తాయి. ఇలాంటి నష్టాన్ని వాన ఖాతాలో రాసి ఊరుకోవడం మనకు అలవాటు. కానీ ఒకే మడిలో నానినా ఒక రకం నాలుగైదు రోజుల్లో మొలకెత్తుతుంది, ఇంకో రకం ఓర్చుకుంటుంది. ఆ ఓర్పు చాలావరకు గింజ పాలు పోసుకుని గట్టిపడే రోజుల్లోనే, లోపలి ఎంజైముల పనిలో తయారవుతుంది. అందుకే తీరప్రాంతపు వరికి దిగుబడిని ఎంత పట్టించుకుంటామో గింజ మొలకెత్తకుండా ఆగే నిద్రావస్థనూ అంత పట్టించుకోవాలి.

గింజను నిద్రపుచ్చే హార్మోను అబ్సిసిక్ ఆమ్లం, మొలకెత్తించేది జిబ్బరెల్లిన్. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేవి వాటిని తయారుచేసే ఎంజైములు, విరిచే ఎంజైములు. క్యారెట్‌కు రంగునిచ్చే కెరొటినాయిడ్ల జాతి అణువొకటి, 40 కార్బన్లది, గింజలో ఉంటుంది. ఎన్‌సీఈడీ అనే ఎంజైము దాన్ని కత్తిరిస్తే 15 కార్బన్ల ముక్క వస్తుంది. అబ్సిసిక్ ఆమ్లం అందులోంచే తయారవుతుంది. వీపీ14 జన్యువు చెడిన మొక్కజొన్నలో గింజలు కండె మీదే మొలకెత్తుతాయి. ఆ జన్యువు ఇచ్చేది ఈ కత్తెరనేనని 1997లో తేలింది. అబ్సిసిక్ ఆమ్లాన్ని విరిచే సీవైపీ707ఏ ఎంజైములు 2004లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో బయటపడ్డాయి. నిద్ర పలచబడిన గింజకు నీళ్లు తగిలితే వీటిది పైచేయి అవుతుంది, జిబ్బరెల్లిన్ పెరుగుతుంది. దాని ప్రేరణతో తవుడు పొరలోంచి అమైలేజ్ ఊరి, గింజలోని పిండిని చక్కెరగా కరిగిస్తుంది. అలా లోపల గుల్లబారిన వడ్లు మిల్లుకెళ్తే మిగిలేది నూకలే.

నిద్రావస్థ కోసం చూస్తే దిగుబడి పోతుందేమోనన్న భయం సహజం. వరి చరిత్ర ఆ భయాన్ని బలపరచదు. 1966లో వచ్చిన ఐఆర్8 పొట్టిగా నిలబడి అధిక దిగుబడినివ్వడానికి మూలమైన ఎస్‌డీ1 జన్యువు జిబ్బరెల్లిన్ తయారీ ఎంజైముదేనని 2002లో తెలిసింది. అదే ఎంజైము లోపిస్తే ఎదిగే గింజలో జిబ్బరెల్లిన్ తగ్గి, నిద్రావస్థ పెరుగుతుందని 2015లో మరో పరిశోధన చూపింది. మరి పొట్టి రకాలన్నీ ఎందుకు ఓర్చుకోవంటే, నిద్ర ఒక్క జన్యువు చేతిలో లేదు. 2010లో గుర్తించిన ఎస్‌డీఆర్4 లాంటివి ఇంకా ఉన్నాయి. పైగా విత్తగానే మొలిచే గింజనే మనిషి తరతరాలుగా ఏరుకుంటూ వచ్చాడు. తీరానికి తగిన వరి అన్న ఆలోచన చెన్నైకి కొత్త కూడా కాదు. తరమణిలోని స్వామినాథన్ పరిశోధన సంస్థ మడ చెట్ల జన్యువులతో ఉప్పును తట్టుకునే వరి కోసం ఎప్పుడో పూనుకుంది.

రైతు వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. సార్వా గింజనే దాళ్వాకు విత్తనంగా వాడేవాడికి నిద్రపోయే వడ్లు నారుమడిలో తంటా తెస్తాయి. నిజమే, కానీ తీరానికి కావలసింది రెండు మూడు వారాల నిద్రే. పొడిగా నిల్వ ఉంచితే అది దానంతటదే తగ్గుతుంది. తొందరుంటే పలచని నత్రికామ్లంలో నానబెట్టి నిద్ర వదిలించే పద్ధతి రైతులకు తెలిసిందే. దీనికి ఎదురుగా, నిద్ర లేని రకానికి తుపానులో ఉన్న ఆసరా ఎంత? లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద చల్లమంటారు. ఉప్పు గింజలోకి నీటిని చేరనివ్వక కొంత ఆలస్యం చేస్తుంది, అదీ వాన తెరిపిచ్చి, మనిషి చేలోకి దిగగలిగితేనే. మురుగు కాలవలు పూడిక తీయకుండా వంగడాలు మార్చి ఏం లాభమని అడిగేవారూ ఉన్నారు. కాలవలు బాగుచేయాల్సిందే. అయితే ఎంత మంచి కాలవైనా నీరు తీయడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ తర్వాత కోత మిషను దిగేంతగా నేల గట్టిపడాలి. వెన్ను మీది గింజ మొలకెత్తకుండా ఉండాల్సింది సరిగ్గా ఆ రోజుల్లోనే.