ఆదివారపు తెరచాపలు... ఉద్దానానికి ఒక పాఠం

వారాంతపు పడవ పందేలు ఎలా సాగుతాయి? ఆ సంఘాలను నిలబెట్టేది ఏది?

పూండి: పూండి రైల్వేస్టేషన్ నుంచి తూర్పుగా సాగితే జీడి, కొబ్బరి తోటల మధ్య నుంచి దారి వజ్రపుకొత్తూరు మండల తీరానికి చేరుతుంది. మంచినీళ్లపేట, నువ్వలరేవు వంటి మత్స్యకార గ్రామాలు ఆ ఒడ్డునే ఉన్నాయి. ఒకప్పుడు ఇక్కడి తెప్పలు తెరచాప ఎత్తుకుని వేటకు వెళ్లేవి. గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో, ఎప్పుడు మళ్లుతుందో తెలిసినవాడే మంచి పడవవాడు. ఫైబర్ పడవలు, ఇంజిన్లు వచ్చిన తరువాత ఆ అవసరం క్రమంగా తగ్గింది. తెరచాప విద్య పెద్దల తరంతోనే ముగిసేలా కనిపిస్తోంది.

ఇదే విద్యను నగరాల్లో యాట్ క్లబ్బులు ప్రతి ఆదివారం పిల్లలకు నేర్పుతున్నాయి. పోటీలు పెడుతున్నాయి, బహుమతులు ఇస్తున్నాయి, జాతీయ జట్లకు క్రీడాకారులను పంపుతున్నాయి. గాలి, నీరు, తరతరాల అనుభవం ఉన్న తీరంలో లేనిది, సముద్రమే లేని హైదరాబాద్‌లో ఎలా సాధ్యమైంది? ఆ క్లబ్బులు వారాంతాన్ని ఎలా గడుపుతాయో గమనిస్తే సమాధానం దొరుకుతుంది.

దొరల కాలం నుంచి...

యాట్ అంటే విలాసానికో, క్రీడకో వాడే పడవ. మనదేశంలో ఈ క్లబ్బులు ఆంగ్లేయుల కాలంలో పుట్టాయి. బొంబాయిలోని రాయల్ బాంబే యాట్ క్లబ్ 1846 నాటిది. మన తూర్పు తీరంలోనే మద్రాసు ఓడరేవులో రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ 1911లో ఏర్పడింది. అప్పట్లో అవి దొరలకు, పెద్ద ఉద్యోగులకు పరిమితం. స్వాతంత్ర్యం తరువాత సైన్యం, నౌకాదళం ఈ క్రీడను ముందుకు తీసుకెళ్లాయి. 1960లో యాటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది.

ఖరీదైన క్రీడ అన్న ముద్రను చెరిపిన పడవ ఒకటి ఉంది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, క్లియర్‌వాటర్ పట్టణంలో ఆప్టిమిస్ట్ క్లబ్ అనే సేవాసంఘం పిల్లల కోసం చౌకైన పడవ కావాలని కోరింది. క్లార్క్ మిల్స్ అనే పడవల నిర్మాత రెండు ప్లైవుడ్ పలకలతో తయారుచేయగలిగిన చిన్న పడవకు రూపమిచ్చాడు. పొడవు 2.3 మీటర్లు, ఒకే తెరచాప. సంఘం పేరే పడవకు స్థిరపడింది. 15 ఏళ్లలోపు పిల్లలు ప్రపంచవ్యాప్తంగా నేటికీ ఆప్టిమిస్ట్ పడవతోనే ఈ విద్య మొదలుపెడుతున్నారు.

ఆదివారం ఇలా...

పందెం రోజున పని ఉదయమే మొదలవుతుంది. పడవలను షెడ్డు నుంచి తెచ్చి కొయ్యలు నిలిపి, తెరచాపలు, తాళ్లు సరిచూస్తారు. తరువాత అందరినీ ఒకచోట చేర్చి ఆనాటి గాలి, పందెం మార్గం, జాగ్రత్తలు వివరిస్తారు. లైఫ్ జాకెట్ లేనిదే ఎవరినీ నీటిలోకి వదలరు. ఆపదలో ఆదుకునేందుకు ఇంజిను పడవ ఒకటి వెంట ఉంటుంది.

నీటిపై తేలే బుడగలు పందెం మార్గాన్ని సూచిస్తాయి. నిర్వాహకుల పడవకు, ఒక బుడగకు మధ్య ఊహించుకునే గీతే ప్రారంభరేఖ. 5 నిమిషాల ముందు తొలి సూచనగా జెండా ఎగురుతుంది. 4 నిమిషాలకు, 1 నిమిషానికి మరికొన్ని సంకేతాలు ఇస్తారు. పడవను నిలిపి ఉంచే వీలు లేదు కనుక పోటీదారులు గీత వెనుక అటూఇటూ తిరుగుతూ సరిగ్గా సమయానికి గీత దాటాలి. ముందుగా దాటినవారు వెనక్కి వచ్చి మళ్లీ బయలుదేరాలి.

అసలు నేర్పు ఎదురుగాలిలో బయటపడుతుంది. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు వెళ్లలేదు. గాలి దిశకు సుమారు 45 డిగ్రీల కోణంలో కొంతదూరం ఒకవైపు, మరికొంతదూరం రెండోవైపు వంకరటింకరగా సాగుతూ గమ్యం చేరాలి. ఎక్కడ మలుపు తీసుకోవాలన్నది నీటిపై గాలి చేసే నలుపు చారలను చూసి నిర్ణయించుకోవాలి. గాలివాటున వెళ్లేటప్పుడు తెరచాపను విప్పి పరుస్తారు.

నియమాల్లో ఒక విశేషముంది. ఎదురెదురుగా వస్తున్న రెండు పడవల్లో కుడివైపు నుంచి గాలి తగులుతున్న పడవకు రెండోది దారి ఇవ్వాలి. తప్పు చేసినవారు సాధారణంగా తామే ఒప్పుకుని, అక్కడికక్కడే పడవను రెండు చుట్లు తిప్పి ముందుకు సాగాలి. ఈల వేసి ఆట ఆపే రిఫరీ నీటిపై ఉండడు. వివాదం తేలకపోతే ఒడ్డుకు వచ్చాక విచారణ జరుగుతుంది. మొదటి స్థానానికి 1 పాయింటు, రెండో స్థానానికి 2 చొప్పున లెక్కిస్తారు. అన్ని పందేలూ ముగిశాక తక్కువ పాయింట్లు వచ్చినవారే విజేతలు.

ర్యాలీ వేరు.. రెగట్టా వేరు

ఇలాంటి పందేలు వరుసగా కొన్ని రోజులు జరిగితే దాన్ని రెగట్టా అంటారు. ర్యాలీలో గెలుపోటములు ముఖ్యం కాదు. పలు పడవలు కలిసి ఒకే గమ్యానికి ప్రయాణిస్తాయి. కొత్తగా నేర్చుకున్నవారికి అనుభవజ్ఞులు తోడుంటారు. దారిలో ఎవరి పడవకు ఇబ్బంది వచ్చినా మిగిలినవారు ఆదుకుంటారు. 1986లో మొదలైన అట్లాంటిక్ ర్యాలీ ఇందుకు పెద్ద ఉదాహరణ. కానరీ దీవుల నుంచి బయలుదేరే పడవలు మహాసముద్రం దాటి కరేబియన్ దీవులకు చేరతాయి. చిన్న క్లబ్బుల్లో ఇదే పద్ధతి వారాంతపు విహారంగా సాగుతుంది. ఉదయం బయలుదేరి సమీపంలోని ఒడ్డుకు చేరి, కలిసి భోంచేసి, సాయంత్రానికి తిరిగి వస్తారు.

సగం పని ఒడ్డునే!

క్లబ్బును నిలబెట్టేది పడవలు మాత్రమే కాదు. పందెం ముగిశాక తడి బట్టలతోనే అందరూ కూర్చుని టీ తాగుతారు. ఎక్కడ మలుపు ఆలస్యమైందో, ఎవరు గాలిని ముందుగా పసిగట్టారో మాట్లాడుకుంటారు. శిక్షణలో చెప్పని పాఠాలు పిల్లలకు అక్కడే చెవిన పడతాయి. కుటుంబాలతో విందులు, బహుమతి ప్రదానాలు, కొత్త సభ్యుల పరిచయాలు, పడవల మరమ్మతు దినాలు ఏడాది పొడవునా ఉంటాయి. సమయం రాసేవారు, జెండా ఎగరేసేవారు, వంట చూసేవారు చాలాచోట్ల సభ్యులే. ఈ కలయికలు ఆగితే పిల్లలు రావడం మానేస్తారు. పడవలు షెడ్డులోనే ఉండిపోతాయి.

హుస్సేన్‌సాగర్‌పై...

తెలుగునాట ఇందుకు చక్కని నిదర్శనం హైదరాబాద్‌లోని హుస్సేన్‌సాగర్. 16వ శతాబ్దంలో తవ్విన ఈ చెరువుపై సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ దశాబ్దాలుగా పడవ పందేలు నిర్వహిస్తోంది. హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కు దేశం నలుమూలల నుంచి క్రీడాకారులు వస్తారు. నైరుతి రుతుపవనాల గాలి బాగా వీచే నెలలే ఇక్కడ పోటీల కాలం.

2009లో సుహేమ్ షేక్ ఇదే చెరువుపై యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌ను స్థాపించారు. పేద కుటుంబాల పిల్లలకు, బస్తీ బడుల విద్యార్థులకు తెరచాప పడవ నేర్పడం ఈ క్లబ్బు ప్రత్యేకత. ఏటా వర్షాకాలంలో జరిపే మాన్‌సూన్ రెగట్టా బాలబాలికలకు జాతీయస్థాయి పోటీగా ఎదిగింది. ఈ క్లబ్బులో శిక్షణ పొందిన కొంగర ప్రీతి 2023లో చైనాలోని హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 470 మిశ్రమ విభాగంలో భారత్ తరఫున పోటీపడ్డారు. అదే క్రీడల్లో తెరచాప పడవల పోటీల్లో భారత్‌కు మూడు పతకాలు లభించాయి. నేహా ఠాకూర్ రజతం, విష్ణు శరవణన్, ఎబాద్ అలీ కాంస్యాలు సాధించారు.

సముద్రం మీదా తెలుగువారు తమ సత్తా చూపారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప నౌకలో ఆరుగురు నౌకాదళ అధికారిణులు భూమిని చుట్టిరావడానికి బయలుదేరారు. సుమారు 21,600 నాటికల్ మైళ్లు ప్రయాణించి 2018 మే 21న గోవాకు తిరిగివచ్చారు. వర్తికా జోషి నాయకత్వంలోని ఆ బృందంలో విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు.

ఉద్దానంలో ఉన్నవేమిటి.. లేనివేమిటి?

ఉద్దానం తీరానికి కలిసివచ్చే అంశాలు తక్కువేమీ కావు. మధ్యాహ్నానికి సముద్రం మీది నుంచి గాలి తిరుగుతుంది. ఈత, అలలపై పట్టు మత్స్యకారుల పిల్లలకు చిన్ననాడే అబ్బుతాయి. కలిసికట్టుగా వేడుక జరపడం కూడా కొత్త కాదు. నువ్వలరేవులో రెండు మూడేళ్లకోసారి పదుల సంఖ్యలో జంటలకు ఒకేసారి సామూహిక వివాహాలు జరుగుతాయి. ఊరంతా ఒక్కటై అంతటి కార్యం నడిపించే గ్రామానికి ఆదివారపు పందెం నిర్వహించడం అసాధ్యమేమీ కాదు.

అడ్డంకులూ ఉన్నాయి. ఇక్కడ తీరం తెరిపిగా ఉంటుంది. అలలు ఒడ్డుకు సమీపంలోనే విరుగుతాయి. ఆప్టిమిస్ట్ వంటి చిన్న పడవను ఆ అలల్లోకి దింపడం ప్రమాదకరం. మద్రాసు క్లబ్బు ఓడరేవు లోపల, హైదరాబాద్ క్లబ్బు చెరువులో నడుస్తాయి. తొలి శిక్షణకు నిలకడైన నీరు తప్పనిసరి. భావనపాడు, నౌపడ ప్రాంతపు ఉప్పుటేరులు గుర్తుకు వచ్చినా, తేలినీలాపురం విడిది పక్షులు మేతకు ఆధారపడేది ఈ చిత్తడి నేలలపైనే. కాబట్టి స్థలాన్ని, కాలాన్ని ఆచితూచి ఎంచుకోవాలి. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన ఓడరేవు భారీ నౌకల కోసం ఉద్దేశించినది. అక్కడి నీటిలో చిన్న పడవలకు తావు కోరాలంటే ముందుగా అనుమతి కావాలి.

కాలం కూడా కీలకమే. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటి ఉద్దానం తోటలను నేలమట్టం చేసింది. మరోవైపు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో పెద్దలు ఊళ్లో ఉంటారు, బడులకూ చాలావరకు సెలవులే. నేర్పేవారికి, నేర్చుకునేవారికి తీరిక కలిసివచ్చే కాలమది.

ఎందుకు పట్టించుకోవాలి?

పూట గడవని చోట పందేలెందుకన్న ప్రశ్న సహజం. జిల్లా మత్స్యకారులు పనికోసం గుజరాత్‌లోని వీరావల్ వరకు వలస వెళ్తున్నారు. 2018 నవంబరులో అక్కడ వేటకు వెళ్లి పాకిస్థాన్‌కు పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో విడుదలై స్వస్థలాలకు చేరారు. సముద్రం తెలిసిన యువకులకు సొంత ఊళ్లో దారులు తక్కువన్న సంగతిని ఆ ఘటన గుర్తుచేసింది.

తెరచాప క్రీడ ఆ సమస్యకు పూర్తి పరిష్కారం కాదు. అయితే ఇందులో రాణించినవారికి సైన్యం, నౌకాదళం క్రీడా విభాగాల్లో అవకాశాలున్నాయి. శిక్షకులుగా, ప్రాణరక్షకులుగా, పడవల మరమ్మతు పనివారుగా ఉపాధి దొరుకుతుంది. ఇంజిను మొరాయించినప్పుడు గాలివాటున ఒడ్డుకు చేరగల నేర్పు వేటగాడి ప్రాణాన్నీ కాపాడుతుంది.

మొదలుపెట్టడానికి భవనం, విలాసనౌకలు అక్కరలేదు. నిలకడైన నీరు, నాలుగైదు చిన్న పడవలు, లైఫ్ జాకెట్లు, రక్షణకు ఒక ఇంజిను పడవ, శిక్షణ పొందిన ఒక గురువు ఉంటే చాలు. తెప్పపై తెరచాప కట్టిన పెద్దలు ఇంకా ఈ ఊళ్లలో ఉన్నారు. వారిని వారానికొక పూట పిల్లల పక్కన కూర్చోబెట్టగలిగితే సగం క్లబ్బు ఏర్పడినట్లే. ఆ పని వారి కాలంలోనే జరగాలి.