బొగ్గయిన గింజలు చెప్పే చరిత్ర

కుండ పగిలితే పెంకులు మిగులుతాయి. రాతి గొడ్డలి వేల యేండ్లు నేలలో పడి ఉన్నా రాయిగానే ఉంటుంది. గింజ సంగతి వేరు. తడి నేలలో పడిన గింజ మొలకెత్తుతుంది. లేకపోతే కుళ్ళిపోతుంది, పురుగుల పాలవుతుంది. అట్లయితే వ్రాత తెలియని కాలపు మానవుడు ఏమి తిన్నాడు, ఏ పైరు వేశాడు, అతని చుట్టూ ఎటువంటి అడవి ఉండేది అనే ప్రశ్నలకు సమాధానం దొరకడం ఎట్లా? ఆ సమాధానాన్ని దాచి ఉంచినది నిప్పు.

వేయించేటప్పుడు పొయ్యిలోకి జారిన గింజ బూడిద క్రింద, తగినంత గాలి అందని చోట పడితే, పూర్తిగా కాలిపోక బొగ్గుగా మారుతుంది. సాధారణంగా మట్టిలోని సూక్ష్మజీవులకు బొగ్గు ఆహారం కాదు. కాబట్టి ఆ గింజ తన ఆకారాన్ని చాలవరకు నిలుపుకొని వేల యేండ్లు మట్టిలో ఉండిపోతుంది. ఇటువంటి అవశేషాలను వెదకి, గుర్తించి, వాటి సాయంతో పూర్వుల జీవితాన్ని తెలిసికొనే శాస్త్రమే పురావస్తు వృక్షశాస్త్రం.

హైదరాబాదులోని బాలానగర్ పారిశ్రామిక వాడకు దాపునే హస్మత్‌పేట ఉన్నది. అక్కడ పెద్ద రాళ్ళను వలయంగా పేర్చి కట్టిన ఇనుప యుగపు సమాధులు ఉన్నవి. గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలోను అటువంటి సమాధులు బయటపడినవి. చనిపోయిన వారిని ఎట్లా సాగనంపారో సమాధి చెప్తుంది. వారు బ్రతికి ఉండగా రోజూ ఏమి వండుకొన్నారో తెలియాలంటే పొయ్యి, పాతర, పెంటకుప్ప ఉన్న చోటి మట్టిని వెదకాలి.

అట్లా మట్టిని వెదకడం వల్లనే దక్షిణ దేశ చరిత్రలోని ఒక పెద్ద ప్రశ్నకు సమాధానం దొరికినది. అందుకోసం ఈ సమాధుల కంటె వెనుకటి కాలానికి, నవీన శిలాయుగానికి పోవాలి.

తెలంగాణ, రాయలసీమ, కర్ణాటక మెట్ట ప్రాంతాలలో అక్కడక్కడ పెద్ద బూడిద దిబ్బలు ఉన్నవి. అవి రాక్షసుల ఎముకలు కాలిన బూడిద అని జనం చెప్పుకొన్నారు. 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉత్నూరు దిబ్బను త్రవ్వించాడు. (ఆదిలాబాదు వైపున ఉన్న ఉట్నూరు వేరు.) బూడిద పొరలలో పశువుల గిట్టల గుర్తులు, దొడ్డి కట్టడానికి గుంజలు పాతిన గుంటలు కనబడినవి. పశువుల దొడ్డిలో పోగుపడిన పేడను మళ్ళీ మళ్ళీ తగులబెట్టగా ఆ దిబ్బ ఏర్పడినదని తేలినది.

అప్పుడు ఒక ప్రశ్న పుట్టినది. ఈ ప్రజలు కేవలం పశువుల కాపరులేనా? వారికి సేద్యం తెలుసునా? తెలిస్తే ఆ విత్తనాలు ఎవరివి? ఉత్తరాన సింధు లోయ ప్రజలు పండించిన గోధుమ, యవలు ఇక్కడికి వచ్చినవా, లేక ఈ నేలకే సొంత పంటలు ఉన్నవా? త్రవ్వేవారి చేతికి పెంకులు, ఎముకలు తగులుతాయి కాని ఆవగింజంత బొగ్గు పలుకు తగలదు. కనుక ఆనాటి త్రవ్వకాలు దీనికి పూర్తి సమాధానం చెప్పలేకపోయినవి.

ఆ లోటును తీర్చినది 1960 తరువాత వ్యాపించిన తేల్చు పద్ధతి. ఒక్కొక్క పొర నుండి కొలిచి తీసిన మట్టిని నీటిలో కలుపుతారు. మట్టి అడుగుకు దిగుతుంది. తేలికగా, రంధ్రమయంగా ఉండే బొగ్గు పైకి తేలుతుంది. తేలినదానిని అర మిల్లీమీటరు కంటె సన్నని కన్నులు గల జల్లెడలో వంచి, నీడన ఆరబెట్టి, సూక్ష్మదర్శినితో చూస్తారు. ఈనాటి గింజలను కావాలని మాడ్చి, వాటితో పోల్చి జాతిని నిర్ణయిస్తారు. ఆ గింజ వయస్సును రేడియో కార్బన్ చెప్తుంది. జీవి చనిపోయిన తరువాత అందులోని రేడియో కార్బన్ 5,730 యేండ్లకు సగం చొప్పున తరిగిపోతుంది గనుక, మిగిలినదానిని కొలిస్తే కాలం తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలలోని నవీన శిలాయుగ స్థలాల మట్టిని డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి. సి. వెంకటసుబ్బయ్య, మార్టిన్ జోన్స్ ఈ విధంగా పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. ఆ స్థలాలలో కడప జిల్లాలోని హనుమంతరావుపేట, పెద్దముడియం కూడా ఉన్నవి. అంతటా ముఖ్యంగా కనబడినవి నాలుగు ధాన్యాలు: ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్రకు దగ్గర జాతియై బట్టలకు అంటుకొనే వెన్ను గల మరొక గడ్డి గింజ. నాలుగూ ఈ ద్వీపకల్పానికి సొంతమైనవే. గోధుమ, యవలు కొన్ని చోట్లనే, కొద్దిగానే దొరికినవి. ఆఫ్రికా నుండి వచ్చిన సజ్జ, అనుములు కూడా కొన్ని చోట్ల ఉన్నవి. దీనిని బట్టి దక్షిణాదిలో తొలి సేద్యం స్థానికమైన మొక్కలతోనే మొదలై, పరాయి పంటలు తరువాత వచ్చి చేరినవని వారు భావించారు.

ఈ జాబితా మరొక సంగతిని కూడా తెలుపుతున్నది. ఆ నాలుగూ నైరృతి వానలకు విత్తి, కాలువ నీరు లేకుండ పండించదగినవి. గోధుమ, యవలు చలికాలపు పంటలు. వానలు వెనుకబట్టిన తరువాత వాటికి నేలలో తేమ కావాలి, లేదా నీరు పెట్టాలి. అవి అరుదుగా ఉండడంలో ఆశ్చర్యం లేదు.

గింజ తొక్కలో కూడా చరిత్ర ఉన్నది. అడవి ఉలవకు తొక్క మందం. నీరు త్వరగా లోపలికి చొరబడదు, గింజలన్నీ ఒక్కసారి మొలవవు. రైతుకు కావలసినది చల్లినవన్నీ ఒకేసారి మొలవడం. త్వరగా మొలిచినవే పంటకు వచ్చి, వాటి గింజలే తిరిగి విత్తనమవుతూ ఉంటే, తరతరాలకు తొక్క పలుచబడుతుంది. చార్లీన్ మర్ఫీ, ఫుల్లర్ ఇంగ్లండులోని డైమండ్ సింక్రోట్రాన్ కేంద్రంలో తీవ్రమైన ఎక్స్ కిరణాలతో ప్రాచీన దక్షిణ భారతపు ఉలవలను పగులగొట్టకుండానే కొలిచి, తొక్క పలుచబడిన తీరును 2017లో వెల్లడించారు.

ఊరి చుట్టూ ఉన్న ప్రకృతిని తెలిపే సాక్ష్యాలు వేరే ఉన్నవి. వంటచెరకు బొగ్గు ముక్క ఏ చెట్టుదో చెప్తుంది. చెరువుల అడుగున పేరుకొన్న పుప్పొడి పరిసరాల వృక్షజాలాన్ని తెలుపుతుంది. ఆకుల మీది మైనం కూడా సాక్ష్యమే. గోదావరి తన పరీవాహక ప్రాంతపు ఆకుల మైనాన్ని బురదతో పాటు బంగాళాఖాతానికి చేరుస్తుంది. నదీముఖానికి ఎదురుగా సముద్రపు అడుగు నుండి తీసిన బురదలో ఆ మైనాన్ని పరిశీలించి, కామిలో పాంటన్, అతని సహచరులు 2012లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 4,000 యేండ్ల క్రిందట మొదలుకొని 1,700 యేండ్ల క్రిందటి వరకు కరవును ఓర్చే మొక్కలు క్రమంగా హెచ్చినవి. అంటే దేశం ఎండినది. ఉలవ, అండుకొర్ర సేద్యం దక్కనులో నిలదొక్కుకొన్నది కూడా ఆ మార్పు మొదలైన కాలం ప్రాంతంలోనే. ఒకటి రెండవదానికి కారణమని దీనితోనే చెప్పరాదు. ఎండిన నేలకు తగిన పంటలే ఆ ప్రజల చేతిలో ఉన్నవని మాత్రం చెప్పవచ్చు.

ఈ శాస్త్రానికి హద్దులూ ఉన్నవి. నిప్పు తగలని ఆకుకూర మిగలదు. పచ్చిగా తిన్న పండుకు గుర్తు ఉండదు. దొరకలేదంటే తినలేదని అర్థం కాదు. ఉన్నత పాఠశాలలో దీనిని ప్రయోగంగా చూపవచ్చు. ఇరవై ఉలవలను ఇసుకతో కలిపి, మూతకు చిన్న రంధ్రం చేసిన రేకు డబ్బాలో, ఉపాధ్యాయుని సమక్షంలో ఆరుబయట మాడ్చాలి. చల్లారిన తరువాత మట్టిలో కలిపి, బకెట్టు నీటిలో కదిపి, ఎన్ని తేలినవో, ఎన్ని మునిగినవో, ఎన్ని పగిలినవో లెక్కించాలి. చేతితో వేసిన గింజలలోనే ఎన్ని తప్పిపోతాయో చూచిన విద్యార్థికి, నాలుగు వేల యేండ్ల తరువాత మిగిలినవి ఎంత విలువైనవో అర్థమవుతుంది.

బూడిద దిబ్బలలో అనేకం ఎరువు కోసం పొలాలకు తరలిపోయినవి. బాలానగర్ మొదలు హైటెక్ సిటీ వరకు పునాదుల కోసం రోజూ నేల త్రవ్వుతున్నారు. హస్మత్‌పేట రాళ్ళు పెద్దవి గనుక కంటికి ఆనుతాయి. పాత పొయ్యి అయితే నల్లని మట్టి మరక మాత్రమే. ఒక లారీ మట్టితో అది పోతే తిరిగి రాదు. పునాది గోతిలో పెంకులతో కూడిన నల్లని పొర కనబడితే, దానిని కదపకుండా పురావస్తు శాఖ వారికి తెలియజేయడం ప్రతి విద్యార్థీ చేయగలిగిన పని.