నర్సింగ్ పరీక్షలు: జవాబు కన్నా వివరణే ముఖ్యం

రాయ్‌పూర్ నగరానికి పడమటి దిక్కున టాటీబంధ్‌లో 2012లో ప్రారంభమైన ఎయిమ్స్ ఆసుపత్రి ఉంది. బతుకుదెరువు కోసం ఛత్తీస్‌గఢ్ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకైనా, విజయవాడలోనో వరంగల్‌లోనో చదువుకున్నవారికైనా అక్కడ నర్సింగ్ ఆఫీసర్ కొలువు రావాలంటే నార్‌సెట్ గట్టెక్కాలి. ఢిల్లీ ఎయిమ్స్ 2020 నుంచి దేశంలోని ఎయిమ్స్‌లన్నిటికీ కలిపి నిర్వహిస్తున్న ఉమ్మడి అర్హత పరీక్ష ఇది. అయితే నార్‌సెట్ ఉద్యోగ పరీక్షే గాని లైసెన్సు పరీక్ష కాదు. మన దేశంలో జీఎన్‌ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసినవారు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుంటే వృత్తిలో చేరే హక్కు లభిస్తుంది.

అమెరికాలో పట్టా ఒక్కటే చాలదు. ఎక్కడ చదివినా సరే, రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయాలంటే ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. 2015 నుంచి కెనడాలోని అత్యధిక రాష్ట్రాలు కూడా దీనినే స్వీకరించాయి. ఇది రాయడానికి తెలుగువారు సముద్రం దాటనక్కరలేదు, హైదరాబాద్‌లోనే కేంద్రం ఉంది.

ఈ రెండు పరీక్షల స్వభావం వేరు గనుక సాధన కూడా వేరుగా సాగాలి. నార్‌సెట్ ప్రాథమిక దశలో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత పడుతుంది. నాలుగు ఆప్షన్లలో ఏమీ తెలియకుండా ఒకటి ఊహించి పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్క ఆప్షన్‌నైనా కారణంతో కొట్టివేయగలిగితే మాత్రం లెక్క అభ్యర్థి వైపు మొగ్గుతుంది. ఎన్‌క్లెక్స్‌లో కంప్యూటర్ అభ్యర్థి ఇచ్చిన జవాబులను బట్టి తర్వాతి ప్రశ్న కఠినతను మారుస్తూ పోతుంది. అభ్యర్థి స్థాయి ఉత్తీర్ణతా రేఖకు పైన ఉందో కింద ఉందో 95 శాతం నిశ్చయంగా తేలగానే పరీక్షను ఆపేస్తుంది; ప్రశ్నలు కనీసం 85, గరిష్ఠంగా 150, గడువు ఐదు గంటలు. ఒక ప్రశ్నను వదిలి ముందుకు పోవడానికి గాని, వెనక్కి వచ్చి దిద్దుకోవడానికి గాని ఇక్కడ వీలుండదు. కష్టమైన ప్రశ్నలే వరుసగా వస్తున్నాయని కంగారుపడేవారు గ్రహించవలసిందేమంటే, బాగా రాస్తున్నవారికి అలా రావడమే సహజం.

సాధన ప్రశ్న విలువ దాని జవాబులో కన్నా వివరణలో ఎక్కువగా ఉంటుంది. ఉదాహరణకు, గుండె వైఫల్యానికి డిజాక్సిన్, ఫ్యూరోసెమైడ్ వాడుతున్న పెద్దవయసు రోగి వికారంగా ఉందనీ, దీపాల చుట్టూ పసుపు వలయాలు కనిపిస్తున్నాయనీ చెబుతాడు. నాడి నిమిషానికి 52. డిజాక్సిన్ ఇచ్చే వేళ అయింది, నర్సు మొదట ఏం చేయాలి? వికారానికి మందు ఇవ్వడం, పొటాషియం ఉండే పళ్లు తినమనడం, మాత్ర ఇచ్చి చార్టులో రాయడం, మాత్ర ఆపి డాక్టరుకు తెలియజేయడం అనే నాలుగింటిలో చివరిదే సరైనది. అంతటితో పుస్తకం మూసేస్తే అభ్యర్థికి మిగిలేది ఒక మార్కు. ఫ్యూరోసెమైడ్ మూత్రం ద్వారా పొటాషియాన్ని బయటికి పంపుతుందనీ, రక్తంలో పొటాషియం తగ్గినకొద్దీ డిజాక్సిన్ గుండెపై విషంలా పనిచేస్తుందనీ, వికారానికి మందు ఇస్తే ప్రమాద సూచనే మరుగున పడుతుందనీ, పళ్లు మంచివే అయినా ఆ క్షణానికి అక్కరకు రావనీ చదివినవారికి ఆ ఒక్క ప్రశ్నే రెండు మందుల పాఠాన్ని నేర్పుతుంది.

లెక్కల ప్రశ్నల్లో పొరపాటు మరో రకంగా జరుగుతుంది. వెయ్యి మిల్లీలీటర్ల ద్రవం ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే డ్రిప్ సెట్టుతో నిమిషానికి దాదాపు 42 చుక్కలు, 15 చుక్కల సెట్టుతో 31 చుక్కలు వదలాలి. వార్డులో ఒకే రకం సెట్టుకు అలవాటుపడిన చేయి, ప్రశ్నలో ఇచ్చిన అంకెను చూడకుండానే లెక్క వేస్తుంది.

ఎన్‌క్లెక్స్ రాసే తెలుగు నర్సులకు మందుల కన్నా ఆసుపత్రి పద్ధతులే ఎక్కువ కొత్తగా ఉంటాయి. సాల్బుటమాల్ అమెరికాలో ఆల్బ్యుటరాల్, పారాసెటమాల్ అక్కడ అసిటమినోఫెన్. ఈ పేర్లు వారంలో వస్తాయి. ఏ పనిని ఏ సహాయకులకు అప్పగించవచ్చు అనే ప్రశ్నలు అంత తేలికగా లొంగవు, ఎందుకంటే మన వార్డుల్లో ఒళ్లు తుడవడం, తినిపించడం వంటి పనులు చాలావరకు రోగి వెంట వచ్చినవారి మీదే పడతాయి. అక్కడ రోగి స్థితిని అంచనా వేయడం, రోగికి బోధించడం, ఫలితాన్ని సమీక్షించడం రిజిస్టర్డ్ నర్సు సహాయకులకు వదలకూడని పనులు. 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్‌లో ఒకే రోగి కథ మీద ఆరు ప్రశ్నలు అడిగే కేస్ స్టడీలు కూడా చేరాయి. లక్షణాలను గుర్తించడం మొదలుకొని చేసిన చికిత్స ఫలించిందో లేదో చూడడం వరకు నర్సు ఆలోచన సాగే క్రమాన్నే అవి పరీక్షిస్తాయి.

పరీక్షించుకోవడం వల్ల జ్ఞాపకం బలపడుతుందనడానికి ఆధారం ఉంది. అమెరికా మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత ముందున్నారు గాని, వారం గడిచాక చూస్తే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారిదే పైచేయి అయింది. రోజుకు వందలకొద్దీ ప్రశ్నలు తిరగేసి, వివరణలను వదిలేసే అలవాటుకు మాత్రం ఈ ఫలితం వర్తించదు. జ్ఞాపకం మీద రాసుకున్న పాత ప్రశ్నలంటూ చేతులు మారే పత్రాల్లో తప్పు జవాబులు కూడా అంటువ్యాధిలా వ్యాపిస్తాయి. పైగా ఎన్‌క్లెక్స్ ప్రశ్నలను బయటపెట్టబోమని ప్రతి అభ్యర్థీ ఒప్పుకున్నాకే పరీక్షలో కూర్చుంటారు.

తెలుగు రాష్ట్రాల్లోని నర్సింగ్ కళాశాలలు ప్రశ్నల సాధన బాధ్యతను కోచింగ్ కేంద్రాలకు వదిలేయకుండా, మొదటి సంవత్సరం నుంచే వార్డు డ్యూటీ ముగిశాక ఆనాటి రోగి మీద ఒక ప్రశ్న తయారుచేసి, తప్పు ఆప్షన్లు ఎందుకు తప్పో విద్యార్థుల చేతనే రాయించాలి. దీనికి కొత్త ఖర్చేమీ లేదు.