భయము – అభయము: ఓరుగల్లు నేర్పిన పాఠము

1940ల నడిమి సంవత్సరములలో ఓరుగల్లు కోటయందు ఆంధ్ర సారస్వత పరిషత్తు మహాసభలు ఏర్పాటయ్యెను. నిర్వాహకులు కోరినది రాజ్యము కాదు; తెలుగువారు తెలుగున మాటలాడుకొనుటకు తావు మాత్రమే. అయినను ఆ సభ గిట్టనివారు పందిళ్లకు నిప్పు పెట్టిరి. జనము చెదరిపోవలసినదే; చెదరలేదు. సభ జరిగి తీరవలెనని కాళోజీ నారాయణరావు మొదలగువారు పట్టుబట్టిరి. ఇరువదియేండ్ల ప్రాయమున నున్న దాశరథి కృష్ణమాచార్యులు ఆ సభలోనే తన కవిత వినిపించెను.

మంటలు చూచి వారికి భయము కలుగలేదా? కలుగలేదనుట వారిని దేవతలను చేసి పీటపై కూర్చుండబెట్టుటయే గాని, అర్థము చేసికొనుట కాదు. భయము కలిగియు వారెట్లు నిలిచిరన్నదే మనము తెలిసికొనదగిన విషయము.

మన లాక్షణికులు భయమును చిన్నచూపు చూడలేదు. భరతుడు దానిని స్థాయిభావములలో నొకటిగా నెన్ని, భయానకరసమునకు మూలముగా జెప్పెను. శంకను, త్రాసమును మాత్రము వేరుచేసి ముప్పదిమూడు సంచారిభావములలో జేర్చెను. ఈ విభజనలో గొప్ప లోకజ్ఞత గలదు. పిడుగు పడినపుడు గుండె జల్లుమనుట త్రాసము. అది వచ్చినట్లే పోవును. ‘ఏమగునో’ యని లోలోపల తొలుచునది శంక. ఈ రెండును మాటిమాటికి వచ్చిపోవుచు మనసులో కాపురము పెట్టినచో, అప్పుడు భయము స్థిరపడును. త్రాసము ప్రాణికి కావలి. పామును చూచి కాలు వెనుకకు తీయించునది అదియే. స్థిరపడిన భయమో, త్రాటిని చూచినను కాలు కదలనీయదు.

నిజాము పాలనలో తెలంగాణపు పల్లెలను ఏలినది ఈ స్థిరపడిన భయమే. గడీలోని దొర ఊరందరిని కొట్టనక్కరలేదు. ఒక్కని కొట్టిన చాలును. తక్కిన పని వారివారి శంకయే చేసిపెట్టును. వెట్టి నడచినది అట్లు. పట్టణములలో సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలెనను ‘గస్తీ నిషాన్ 53’ నోరు మూయించినది అట్లు. 1921లో హైదరాబాదు నందలి సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడబోగా, సభలోనివారు ఎగతాళి చేసి కూర్చుండబెట్టిరి. తన భాష పలుకుటకే మనిషి జంకవలసిన కాలమది. ఆ అవమానము నుండియే ఆంధ్రజన సంఘము పుట్టెను.

ఇట్టి భయము ఒక్క గంతున తొలగలేదు. మెట్టుమెట్టుగా తొలగెను. 1904లో హనుమకొండయందు శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయము వెలసెను. గ్రంథాలయమున కూర్చుండి తెలుగు పత్రిక చదువుట పెద్ద సాహసముగా కనబడకపోవచ్చును. కాని మొదటి మెట్టు అదియే. చదివినవాడు మెల్లగా మాటలాడెను. మాటలాడినవాడు సభకు పోయెను. 1930లో జోగిపేటయందు తొలి ఆంధ్ర మహాసభ జరిగెను. 1943లో సారస్వత పరిషత్తు ఏర్పడెను. కోటలో పందిళ్లు కాలునాటికి, అక్కడివారి వెనుక నలువది యేండ్ల అభ్యాసము గలదు.

ఈ క్రమమునే పాశ్చాత్యదేశమున ఒక మనశ్శాస్త్రజ్ఞురాలు వేరొక విధముగా కనుగొనెను. 1924లో మేరీ కవర్ జోన్స్ ప్రకటించిన పరిశోధనలో పీటరను బాలుడు కుందేలును చూచిన హడలిపోయెడివాడు. ఆమె వానిని మందలింపలేదు. వానికిష్టమైన తినుబండారము పెట్టుచు, కుందేలును దినదినము కొంచెము దగ్గరకు తెచ్చెను. కుందేలుకు జంకని పిల్లలను తోడుంచెను. తుదకు ఆ బాలుడు దానిని చేతితో నిమిరెను. కొంచెము కొంచెముగా చేరువయగుట, జంకనివారి తోడు – ఈ రెండే ఆ వైద్యము.

తోడు మాట వచ్చినది గనుక పాలకుర్తి చాకలి ఐలమ్మను తలపకుండరాదు. విసునూరు దేశ్‌ముఖు ఆమె పంటపై కన్ను వేసినపుడు ఆ తల్లి ఎదురు నిలిచెను. ఆమె గుండె గట్టిది, నిజమే. కాని పంట ఇల్లు చేరినది సంఘము కార్యకర్తలు వెంట నిలుచుటచేత. ఒంటరి గుండెలో భయమునకు చోటెక్కువ. పదిమంది నడుమ దానికి కూర్చుండ తావు దొరకదు.

అయితే భయము చెప్పునదంతయు అబద్ధమని తలచుటయు పొరపాటే. 1946 ఆగస్టు 11న ఓరుగల్లు కోటలో జాతీయ పతాక మెగిరిన పిమ్మట రజాకార్ల దాడిలో మొగిలయ్య ప్రాణములు గోల్పోయెను. కాళోజీకి నగర బహిష్కారము ప్రాప్తించెను. దాశరథి చెరసాల పాలై, నిజామాబాదు జైలు గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసెను. కీడు మూడునని వారెరుగనివారు కారు. కీడు మూడదను నమ్మకము ధైర్యము కాదు. కీడుకంటె మిన్నయైనది ఒకటి కలదని తూచి తెలిసికొనుటయే ధైర్యము.

నేడు గడీలు లేవు, రజాకార్లు లేరు. భయము మాత్రము చిరునామా మార్చుకొన్నది. పరీక్షాఫలితమునకు, నలుగురి నవ్వునకు, వేదికకు వెరచు విద్యార్థులు ఈ విద్యానగరమున నెందరో. ‘భయమెందుకురా’ యని గద్దించిన వారి భయము పోదు. దాచుకొనుట మాత్రము నేర్తురు. అలవడిన భయము సమూలముగా చెరిగిపోదనియు, దాని ప్రక్కన క్రొత్త అనుభవము పాదుకొని దానిని అణచి ఉంచుననియు నేటి శాస్త్రము చెప్పుచున్నది. కనుక పోయిన భయము ఒకనాడు తిరిగివచ్చినను అది ఓటమి కాదు. మరల మొదటి మెట్టునుండి ఎక్కిన సరిపోవును.

తొలిసారి వేదిక నెక్కిన బాలికకు మోకాళ్లు వణకుచునే యుండును. ఆమెకు కావలసినది ఉపన్యాసము కాదు. ముందటి రోజు ఇంటిలో నలుగురియెదుట ఒకమారు చదివించవలెను. మరునాడు మొదటి వరుసలో, ఆమెకు కనబడునట్లు, ఎరిగిన ముఖ మొకటి కూర్చుండవలెను.